మూడు కళ్ల ఫోను, ఒంటికన్ను ఫోను

మా అత్తమ్మకు ఎడమ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు బాగా జరిగిందన్నాడు. నర్సు బాగా జరిగిందన్నది. పక్క మంచం మీది ముసలాయన కూడా, తన కంటికి కట్టున్నా సరే, ఇటు తిరిగి చూసి బాగా జరిగిందన్నాడు. ఒప్పుకోనిది మా అత్తమ్మ ఒక్కతే. కుడి కంటికి కూడా రమ్మని డాక్టరు పిలిస్తే, "ఒక కన్ను ఖరాబ్ చేసిండ్రు, సాలదా? ఇంకోటి నేనియ్య" అని మంచం పట్టె పట్టుకుని కూర్చుంది.

దీనికంతటికీ కారణం మా ఆయన ఫోను.

ఎడమ కంటి కట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చిన రోజు, తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి ఆయన చేసిన మొదటి పని ఫోటో తీయడం. తీసి, ఫోను ఆమె చేతికిచ్చాడు. ఆమె కుడి కన్ను అరచేత్తో మూసుకుని, బాగుచేసిన కంటితో చాలాసేపు చూసింది.

"కొడుకా, అంత పొగ పొగ ఉన్నదిరా."

"ఏం పొగ? నాకు మంచిగనే కనబడ్తుంది. ఫుల్ క్లియర్ ఉన్నది."

నేనూ తొంగి చూశాను. పొగే. ఆ ఫోటోలో అత్తమ్మ చలికాలం పొద్దున మంజీర ఒడ్డున నిలబడ్డట్టు ఉంది. ఆ మాటే చెప్పాను. "అత్తమ్మా, నాకు గూడ పొగనే కనబడ్తుంది" అన్నాను. ఆమె నావైపు జాలిగా చూసింది. కోడలు పిల్ల తన మనసు నొప్పించకుండా అబద్ధం చెబుతోందనుకుంది. కొడుకు క్లియర్ అన్నాడు కాబట్టి ఫోటో క్లియరే. తనకు కనబడలేదు కాబట్టి కన్నే పోయింది. ఆమె దృష్టిలో అక్కడితో విచారణ ముగిసింది.

"మరి బయట మంచిగనే కనబడ్తుంది గదా అత్తమ్మా? గోడ మీద క్యాలెండర్ కనబడ్తలేదా?"

"కనబడ్తుంది. క్యాలెండర్ ఏడ ఉంటదో నాకు ఎర్కే గద పిల్లా. ఫోటోల ఉన్నదే అసలుది."

మా ఆయన ఫోను గురించి ఒక మాట చెప్పాలి. ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో ఫిట్టరు. పోతిరెడ్డిపల్లిలోని మా ఇంటి నుంచి బండి మీద డ్యూటీకి పోతాడు. ఇంట్లో దేనికి వంక పెట్టినా ఊరుకుంటాడు. కూరలో ఉప్పెక్కువైందంటే తలూపుతాడు, బండి పొగ విడుస్తోందంటే తలూపుతాడు, నీకు పొట్ట వస్తోందంటే కూడా తలూపుతాడు. ఫోనును మాత్రం ఏమీ అనకూడదు. తానే ఏరి కోరి తెచ్చుకున్నాడు. అది తప్పయితే తాను తప్పు. అందుకే అందులో మేమంతా ఏడాదిగా పొగలో బతుకుతున్నా, ఆయన కళ్లకు అంతా ఫుల్ క్లియరే.

నా ఫోను సాక్ష్యానికి పనికిరాదు. అది నా కుట్టు మిషను మీది నుంచి పడి అద్దం పగిలింది. అందులో ఎవరిని చూసినా ముక్కలుగానే కనబడతారు.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు నవ్వు రాలేదు. కుడి కంట్లో శుక్లం ముదిరిపోతోందని, ఇంకా ఆలస్యం చేస్తే కష్టమవుతుందని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అత్తమ్మ నేను కుట్టే బ్లౌజులకు హుక్కులూ కాజాలూ కుట్టి పెట్టేది. చర్చిలో స్త్రీల కూడికలో వాక్యం ఆమే చదివేది, ఆమె చదివితే మైకు అక్కరలేదు. ఇప్పుడు వెనక వరుసలో కూర్చుని పుస్తకం ఒళ్లో మూసి పెట్టుకుంటోంది. ఒకసారి మొండికేసి, ఎడమ కంటిని నమ్మక మూసుకుని, కుడి కంటితోనే హుక్కులు కుట్టింది. ఆ బ్లౌజు తీసుకున్నామె మరునాడే తిరిగొచ్చి, "అక్కా, రెండు దిక్కుల హుక్కులే ఉన్నయ్. ఇవి ఒకదాన్నొకటి సూసుకుంట కూసుండాల్నా?" అని అడిగింది. అత్తమ్మ లోపలి గదిలో విని, మళ్లీ సూది ముట్టుకోలేదు. నాకు భయమేసింది. కోపం కూడా వచ్చింది. నాకు భయమేస్తే వచ్చేది అదే.

"నీ ఫోన్‌ల పొగ ఉన్నదని మీ అమ్మకు చెప్పు. నీ నోటి నుంచి వస్తెనే ఆమె నమ్ముతది" అన్నాను మా ఆయనతో.

ఆయన రెండు రోజులు ఆలోచించాడు. చివరికి పరువు పోకుండా ఒక దారి కనిపెట్టాడు. ఫోను మంచిదే, కాని ఆపరేషన్ అయిన కళ్లకు ఇంతకంటే వెలుగుండే డిస్‌ప్లే కావాలట. కాబట్టి కొత్త ఫోను కొనాలట. అమ్మ కోసమేనట.

ఇక మొదలైంది మా ఇంట్లో పరేషాన్. బాగా ఖరీదైనవి మాకు అందవు, బాగా చవకవి ఆయన ముట్టడు. మధ్య రకంలో రెండు ఫోన్లు మిగిలాయి. ఒకదానికి వెనక మూడు కళ్లు, వేరు వేరుగా, మూడు దిక్కులు చూస్తున్నట్టు ఉంటాయి. రెండోదానికి ఉన్నవన్నీ కలిపి గుండ్రటి బిళ్లలో పెట్టారు, చూడటానికి ఒంటికన్ను. నేను వాటికి ఆ పేర్లే పెట్టాను. అసలు పేర్లలో ప్రో, ప్లస్, అంకెలు ఉన్నాయి, అవి నా నోటికి తిరగలేదు.

తింటూ వీడియోలు, పళ్లు తోముతూ వీడియోలు. అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లో ఉండే మా తమ్ముడు ఫోన్ చేసి, "బావా, ప్రాసెసర్ చూడు, మిగతాదంతా ఉత్తదే" అన్నాడు. ఆ మాటతో మూడు కళ్లది గెలిచింది. కంపెనీలో ఆయనతో పనిచేసే బిహార్ అతను "భయ్యా, బ్యాటరీ దేఖో" అన్నాడు. ఒంటికన్నుది గెలిచింది. ప్రతి పూటా ఒకటి గెలిచేది, ఇంకోటి ఓడేది. నేను ఒక్కదాన్నే ప్రతి పూటా ఓడేదాన్ని.

ఒక రోజు అన్నం ముందు కూర్చుని, "రెండిట్లో రిఫ్రెష్ రేటు నూట ఇరవై ఉన్నదే" అని ఆయన నాతో అంటే, గోడకానుకుని ఉన్న అత్తమ్మ లేచి కూర్చుంది.

"నూట ఇరవయేనా రేటు? ఇంత సస్త ఉంటె ఇన్ని దినాలు ఏం సూస్తున్నవ్ రా? నాకొకటి, కోడలికొకటి తే."

అది ధర కాదమ్మా, తెర ఎంత స్పీడుగ మారుతదో ఆ లెక్క అని ఆయన చెప్పబోయాడు. రేటంటే రేటే గదా అని ఆమె. ఆ పూట రెండు ఫోన్లూ ఓడిపోయాయి.

చివరికి నేనే కేకలేసి, ఇద్దరినీ ఆటో ఎక్కించాను. సంగారెడ్డిలో కొట్టుకు పోదాం, రెండింటితోనూ అత్తమ్మ ఫోటో తీయిద్దాం, ఏ ఫోటోలో పొగ లేదని ఆమె అంటే అదే కొందాం అన్నాను. ఆయన ఆటోలో కూడా హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డ్యూటీ నుంచి వచ్చినవాణ్ని వచ్చినట్టే లాక్కొచ్చాను మరి. ఆ హెల్మెట్ నిండా గుండ్రటి నీలం స్టిక్కర్లు అంటించి ఉంటాయి. ఈ వయసులో ఈ షోకేమిటని నేను ఎప్పుడూ అడగలేదు. షోకు ఫోనుతో ఆగితే చాలనుకున్నాను.

కొట్టులో అమ్మాయి మర్యాదగా స్టూలు వేసి అత్తమ్మను కూర్చోబెట్టింది. ముందు మూడు కళ్ల ఫోనుతో తీసింది. అత్తమ్మ కుడి కన్ను మూసుకుని చూసింది.

"గీ పిల్ల ఎవలు? మస్తు తెల్లగున్నది."

"నువ్వే అమ్మా" అన్నదా అమ్మాయి.

"నేనా? నేను పుట్టిన్నాడు గూడ గింత తెల్లగ లేను."

ముడతలు తుడిచి, రంగు పూసి, పెదవులకు ఎరుపు కూడా అద్దింది ఆ ఫోను. అందులో అందం పెంచే మోడ్ ఏదో ఉందట. అత్తమ్మకు అది ఎవరు చెప్పాలి? ఆమె నా చేయి పట్టుకుంది. "సూసినవా పిల్లా, నా మొకం నాకే గుర్తొస్తలేదు. కన్ను మొత్తానికే పోయింది" అంది. నాకు ఆ ఫోనును పక్కనే ఉన్న ఫ్యాను రెక్కల్లో పెట్టాలనిపించింది.

"జల్దీ ఇంకోటి తియ్యి చెల్లే" అన్నాను.

ఒంటికన్ను ఫోనుతో తీసింది. అత్తమ్మ చూసింది. ఫోను దగ్గరికి జరుపుకుంది, మళ్లీ దూరం జరిపింది. ఫోటోలోని నుదుటి మీద వేలు పెట్టింది.

"ఇది మా అవ్వ. మా అవ్వ ఫోటో మీ దగ్గరికి ఎట్లొచ్చింది?"

"అది గూడ నువ్వేనమ్మా."

అత్తమ్మ తన నుదురు తడుముకుంది, ఫోటోలో నుదురు తడిమింది. "మా అవ్వ లెక్కనే అయిన" అంది మెల్లగా. తరువాత గట్టిగా, "పొగ లేదురా! కమ్మలల్ల రాయి గూడ కనబడ్తుంది!" అని అరిచింది. కొట్టులో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. నాకు ఏడుపొచ్చింది. ప్యాక్ చెయ్యమన్నాను.

"ఆగు" అన్నాడు మా ఆయన.

హెల్మెట్ మీది నుంచి ఒక నీలం స్టిక్కరు గోటితో పీకి, ఒంటికన్ను మీద అంటించాడు. బొటనవేలితో గట్టిగా ఒత్తాడు. ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"ఒక్కటే సరిపోయింది! మూడు కండ్ల దానికైతే మూడు పెట్టాలె, గేటు కాడ గార్డ్ నసుగుతడు."

అప్పుడు తెలిసింది. వాళ్ల కంపెనీలోకి కెమెరా పోకూడదు. రోజూ గేటు దగ్గర గార్డు "కెమెరా బంద్ కరో" అంటూ ఈ స్టిక్కరు వేస్తాడు. డ్యూటీ దిగాక ఈయన దాన్ని పీకి హెల్మెట్‌కు అంటిస్తాడు. ఇన్ని వీడియోలు చూసి, ఇంతమందిని అడిగి, మా ఆయన మనసులో దాచుకున్న అసలు పరీక్ష ఇదన్నమాట.

కొట్టు అమ్మాయి గుండె ఆగినంత పనయింది. "అన్నా, అది డెమో ఫోన్!" అంటూ స్టిక్కరు పీకేసి, పాడయిందేమోనని గబగబా ఇంకో ఫోటో తీసింది. అత్తమ్మ చేయి చాచి తీసుకుని చూసింది. ఆమె ముఖం మాడిపోయింది.

"మల్ల పొగ. వచ్చినట్టే వచ్చి పోయిందిరా కన్ను."

నేను ఫోను లాక్కుని వెనక్కి తిప్పాను. అద్దం మీద గుండ్రంగా జిగురు. ఎండకు ఉడికిన జిగురు, దాని మీద హైవే దుమ్ము. అమ్మాయి దగ్గర అద్దాలు తుడిచే నీళ్ల సీసా అడిగి తీసుకుని, కొంగుతో రుద్దాను. ఫోటో తీశాను. అత్తమ్మ కమ్మల్లో రాయి మెరిసింది. తరువాత మా ఆయన జేబులోంచి పాత ఫోను తీశాను. దాని కంటి మీద జిగురు పొర పేరుకుని గట్టిపడింది. గోరు అరిగేలా రుద్దాను. ఫోటో తీసి అత్తమ్మకిచ్చాను.

ఆమె చూసింది. ఆ పాత ఫోనులో, ఆ ఎడమ కంటితో, రాయే కాదు, కమ్మ మీది గీత కూడా కనబడింది. తరువాత కొడుకు వైపు తిరిగింది.

"నీకు గూడ పొగనే కనబడ్డది గదరా?"

ఆయన హెల్మెట్ వైపు చూశాడు. "ఫోన్ మంచిదే గదమ్మా అని..."

"నీ ఫోన్‌కు వంక రావద్దని, నా కంటికి పెట్టినవ్ రా కొడుకా. నాకు గూడ పొగ కనబడ్తుంది అని ఒక్క మాట అంటె అయిపోతుండె."

మా ఆయన తలూపలేదు. అలా తలూపకుండా ఉండటం నేను అదే మొదటిసారి చూశాను.

కొత్త ఫోను కొనలేదు. ఉన్నది మంచిగనే ఉంది గదా అని అత్తమ్మే వద్దంది. అంత గొడవ చేసి ఊరికే పోవడం సిగ్గనిపించి ఒక కవరు కొన్నాం. అది మా ఫోనుకు పట్టలేదు.

కుడి కంటి ఆపరేషన్‌కు అత్తమ్మ తానే ముందు నడిచింది. అయ్యాక కంటి మీద గుండ్రటి మూత పెట్టి పట్టీ అంటిస్తుంటే, నర్సు చేయి పట్టుకుని, "మా కొడుకు కంపెనీల గూడ గిట్లనే ఏస్తరు. పీకినంక జిగురు మంచిగ తుడువు బిడ్డా, మేము ఒకసారి మోసపోయినం" అని జాగ్రత్త చెప్పింది. నర్సుకు ఏమీ అర్థం కాలేదు, సరేనమ్మా అన్నది.

కట్టు విప్పిన రోజు మా ఆయన మళ్లీ ఫోను తీశాడు. కెమెరాను చొక్కాతో తుడిచాడు, ఊది మళ్లీ తుడిచాడు. ఫోటో తీసి ఆమె చేతిలో పెట్టి, పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను వెనక నుంచి చూశాను. ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టేంత బాగా వచ్చింది. అత్తమ్మ రెండు కళ్లతోనూ చూసింది. నావైపు ఒకసారి కొంటెగా చూసింది, మళ్లీ కొడుకు వైపు.

"జెర పొగ కొడ్తున్నదిరా" అంది.

"అవునమ్మా" అన్నాడాయన వెంటనే. "నాకు గూడ పొగనే కనబడ్తుంది."