అమరులని నేను అనను

1957 నవంబరు 18, సోమవారం. మొదటి గంట మాకు సైన్సు. తలుపు తోసుకొని వచ్చింది మాత్రం హెడ్మాస్టరు గారు. ఆయన మా ఫిఫ్తు ఫారం తరగతికి రావడమే అరుదు. చేతిలో బెత్తం లేకుండా రావడం ఎన్నడూ చూడలేదు. "మీ సైన్సు సారు తెల్లారి గుండెనొప్పొచ్చి పోయినారు. బడి లేదు, ఇండ్లకు పోండి" అన్నారు. ఎవరమూ లేవలేదు. బోర్డు మీద ఆయన శుక్రవారం గీసిన ఆకు సగంలో ఉంది.

మన బడి లిఖిత పత్రిక చదివే చిన్న తరగతుల వాళ్లకు ఆయన పాఠం ఇక దొరకదు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

సారు జేబులో ఎప్పుడూ చెనిక్కాయలు ఉండేవి. ఒకటి ఒలిచి, పప్పును రెండుగా విడదీసి, మధ్యలో ఉండే బుల్లి మొలకను ఎదుటివాళ్లకు చూపించాకే నోట్లో వేసుకునేవారు. మా జవాబులను ఎర్రసిరాతో దిద్దుతూ, గొప్పగా రాశామని మేం మురిసిన వాక్యం పక్కనే "చూసినావా?" అని రాసేవారు. చూడనిది రాస్తే ఎంత అందంగా ఉన్నా మార్కు లేదు.

పోయిన ఏడాది కాలువ నీళ్లు తెచ్చి మైక్రోస్కోపు కింద అమీబాను చూపించారు. పది లెక్కపెట్టేలోపు చూసి లేవాలని నిబంధన. నా అదృష్టం, నా వంతులోనే అది నడుము సన్నబడి రెండు కాసాగింది. లెక్క మరిచిపోయాను.

"ఇది చావదా సార్?"

"ఎండితే చస్తాది, కాలిస్తే చస్తాది. ముసిలిదై మాత్రం చావదు. రెండయిపోతాది."

"మనమూ అట్లే కావచ్చు కదా సార్?"

"అయితే ఆ రెండిట్లో నువ్వు ఎవరు తల్లీ?"

నేను మళ్లీ కన్ను ఆనించి రెండింటినీ మార్చి మార్చి చూశాను. అమీబాకు ఒకే కణం, మన ఒంట్లో కోట్ల కణాలు; అవి తలా ఒక పని పంచుకున్నందుకు మనం కట్టే సుంకం చావు అన్నారు సారు. తల్లి నుంచి బిడ్డకు వచ్చే కణం వరుస మాత్రం మొదటి జీవి నాటి నుంచి ఎక్కడా తెగలేదట. నేను ఆలోచించకుండా అడిగేశాను: "మరి మీ వరుస సార్?"

సారుకు పిల్లలు లేరు. అడిగాక గుర్తొచ్చింది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నాది ఈడ ఆగుతాది. ఆగితే ఏమిప్పుడు? నీ పది ఎప్పుడో అయిపోయినాయి. లేచి ఎనకోళ్లకు ఇయ్యి."

లేచాను కానీ ఒప్పుకోలేదు. ఈ దసరా ముందు "మనిషికి చావు లేకుంటే మేలా?" అని చర్చ పెడితే, మేలేనని నేను నిలబడ్డాను. ఎదుటి పక్షం సారే.

"మీ తాత తాత కూడా ఈ బెంచీలోనే కూచోనుంటే నీకు చోటు యాడిది?"

"ఇంకొన్ని బెంచీలు చేయించాల సార్!"

అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆయనే.

ఈ ఉదయం బడి నుంచి నేరుగా సారు ఇంటికి వెళ్లాం. ఎవరో పెద్దాయన "పుట్టినోళ్లం పోవాల్సిందే కదమ్మా" అని ఓదారుస్తుంటే, సారు భార్య నా వైపు చూసి, "బెంచీల పాపవు నువ్వేనా?" అన్నారు. "ఆ పొద్దు ఇంటికొచ్చి చెప్పి శానా నవ్వినారు. నాకైతే నీ బెంచీలే కావాల పాపా. ఇంకో పదేండ్లు ఉంటే ఎవురికి అడ్డం?" ఆ గదిలో నాకు నిజమనిపించిన మాట అదొక్కటే.

రేపు ఎనిమిదింటికి సంతాపసభ. విద్యార్థుల తరఫున నేను మాట్లాడాలి. హెడ్మాస్టరు గారు కాగితం ఇచ్చి, "సారు అమరులు అని ముగించు. అందరూ అట్లే అంటారు" అన్నారు.

"సారు ఒప్పుకోరు సార్."

"సారు లేరు కదమ్మా ఇప్పుడు!"

"మరి అమరులెట్లా సార్?"

ఆయన ముఖం ఎర్రబడింది. "నోరు శానా ఎక్కువైంది నీకు. ఇష్టం లేకుంటే చెప్పు, ఇంకొకరు చదువుతారు."

మాటలంటే నాకు ఈమధ్య పిచ్చి ప్రేమ. నిఘంటువు తిరగేసి కొత్త పదాలు నోటుబుక్కులో రాసుకుంటాను. అమరుడంటే చావు లేనివాడు. అంత పెద్ద మాటను, ఈరోజు పాడె మీద పడుకున్న మనిషికి నేను తగిలించలేను. చావు మంచిదేనని కూడా చెప్పలేను. సారూ, ఆ ఒక్క విషయంలో మీరు తప్పు. అమీబాకు దక్కింది మీకు దక్కకపోవడం న్యాయమని ఎవరు చెప్పినా వినను.

రేపు పొద్దున ఏడున్నరకే వెళ్లి ముందు వరుసలో కూర్చుంటాను. నా పేరు పిలిచినా, పిలవకపోయినా లేస్తాను. "మా సారు చనిపోయారు" అన్నది మొదటి మాట. పెద్దలు కూర్చోమని సైగ చేస్తుండగా నిలబడే చెప్పే రెండో మాట, "ఇది నాకు సమ్మతం కాదు."