పేరు పిలవని ముసలామె

మా ఆఫీసులో ఒక పాత్రను తీసేయాలంటే పెద్ద గొడవేమీ ఉండదు. పట్టికలో ఆ పాత్ర ఎదురుగా ఉన్న గడికి ఎర్ర రంగు వేస్తారు. పక్క గడిలో కారణం రాస్తారు. తర్వాత నాలాంటి వాళ్ళెవరో కూర్చుని ఆ పాత్ర నడకను, మాటను, నీడను ఒక్కొక్కటిగా ఆటలోంచి విడదీస్తారు. కరీంనగర్‌లో ఒక చిన్న ఫోన్ ఆటల కంపెనీలో నా పని అదే. "బొమ్మలకు పాణం పోస్తవట గదా" అని చుట్టాలు అడుగుతుంటారు. తీసేది కూడా నేనేనని వాళ్ళకు చెప్పను.

అప్పుడు మేం చేస్తున్నది ఒక ఆటకు మూడో భాగం. అడవిలో తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ పోయే ఒక యువకుడి కథ. మొదటి రెండు భాగాలూ జనం బాగానే ఆడారు. అందులో అడవి అంచున ఒక గుడిసె, గుడిసెలో ఒక ముసలామె ఉంటుంది. దారి చెప్తుంది, తిడుతుంది, అంబలి పోస్తుంది. ఇంతకుముందు ఆమె మాటలు తెర మీద అక్షరాలుగానే వచ్చేవి. ఈసారి ఆమెకు గొంతు పెడదామనుకున్నారు. హైదరాబాదు నుంచి తెప్పించిన గొంతులు విన్నాం. ఒకామె ముసలితనాన్ని దగ్గుతోనే సరిపెట్టింది. ఇంకొకామె సీరియల్లో అత్తగారిలా పళ్ళు కొరికింది. నాకు ఒళ్ళు మండి, "మా అవ్వతోని చెప్పిస్త. నచ్చకుంటే పారెయ్యిన్రి" అన్నాను. పారెయ్యమన్నది నేనే. ఆ మాట ఇంకెవరి మీదా తోయలేను.

మా ఊరు జైనూర్ దగ్గర. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. పత్తి ఏరడం సగమైన రోజులవి. ధర పెరిగేదాకా ఆగుదామని బాపు ఏరిన పత్తినంతా లోపలి అర్రలో నడుమెత్తు పోశాడు. ఆ అర్రలో మాట్లాడితే గొంతు గోడలకు తగలదు, మోత రాదు. హైదరాబాదులో అంత మంచి రికార్డింగు గది దొరకదని నాకు సంబరమైంది. బట్టలారేసే దండేనికి మైకు వేలాడదీసి, అవ్వను పత్తి కుప్ప మీద కూర్చోబెట్టాను. ఆమెకు చదువు రాదు. నేనొక మాట చెప్తే ఆమె తన తీరుగా అనాలి.

మొదటి మాటలోనే ఆ యువకుణ్ణి పేరు పెట్టి పిలవాలి. నేను చెప్పాను. అవ్వ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

"గిదేం పేరే? మీ బాపు పేరు గదా" అంది.

కొండగట్టు దేవుడి పేరది. ఆ గుట్టెక్కి మొక్కుకున్న ప్రతి ఇంట్లో ఒకరికి ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరకముందే ఆట నాయకుడికి పెట్టారు. రోజుకు వందసార్లు ఆ పేరు టైపు చేస్తున్న నాకు, అవ్వ ఆ పేరు అనదన్న సంగతి తట్టనే లేదు. మగని పేరు నోటితో అంటే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. రేషన్ షాపులో "మీ ఆయన పేరేందమ్మా" అని అడిగితే నన్ను ముందుకు తోసేది. నేను లేనప్పుడు కార్డు చూపించి ఊరుకునేది. బాపును ఇన్నేళ్ళూ "ఇగో", "నిన్నే" అనే పిలిచింది.

సరేలే అనుకున్నాను. పేరున్న చోటల్లా "ఓ పిలగా" అనిపించాను, "ఇగో నిన్నేరా" అనిపించాను. నిజానికి అవే ముచ్చటగా ఉన్నాయి. పేరు వదిలేసిన సంగతి ఆఫీసులో చెప్పలేదు. పేరు తప్పనిసరి అని అవ్వకూ చెప్పలేదు. చదువుకున్న ఆడపిల్లలం మేం చేసే తప్పే ఇది. ఇంటి ఆచారం ఆఫీసులో చెప్పడానికి సిగ్గు, ఆఫీసు అవసరం ఇంట్లో చెప్పడానికి బద్ధకం. మధ్యలో నేనే తెలివిగలదాన్ననుకున్నాను.

రికార్డయిన మాటలు వినిపిస్తే అవ్వ చిన్నపిల్లలా నవ్వింది.

"గిది ఎంతమందికి ఇనవడ్తది బిడ్డా?"

"ఆట ఆడేటోళ్ళందరికి. లచ్చల మందికి అవ్వా."

"నేను సచ్చినంక గూడ?"

"గప్పుడు గూడ."

ఇంకేముంది, తెల్లారేసరికి ఊరంతా చాటింపు. బోరింగు దగ్గర, పత్తి చేలో, పక్కూరి కూలీల దగ్గర కూడా "నేను ఫోన్లకు వస్తున్న" అని చెప్పుకుంది. ఆమె జీవితంలో తన గురించి తాను చెప్పుకున్న గొప్ప అదొక్కటే.

ఆ రికార్డింగులో ఆమె గొంతు కొద్దిగా బొంగురుగా ఉంటుంది. పత్తి దుమ్మనుకున్నాం. పాత్రకు బాగా కుదిరిందని నేనైతే మురిసిపోయాను కూడా. రెండు నెలలైనా బొంగురు తగ్గకపోతే కరీంనగర్ తీసుకొచ్చి పెద్ద దవాఖానలో చూపించాను. స్వరపేటికలో క్యాన్సర్ అన్నారు. మొత్తం తీసేయాలి, తొమ్మిది రోజుల్లో ఆపరేషన్ అన్నారు.

"మాట జరంత గూడ రాదా సార్?" అని బాపు అడిగాడు.

"ప్రాణం ముఖ్యం కదా పెద్దాయనా" అన్నాడు డాక్టరు.

బయట బెంచీ మీద అవ్వ నా చెయ్యి పట్టుకుని, "ఆటల మాటలన్ని చెప్పుడైంది గదా బిడ్డా. మంచిదైంది" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమే నన్ను ఓదార్చింది.

మర్నాడు వాళ్ళను ఊరికి పంపించి, ఆఫీసుకు పోయి పట్టిక తెరిస్తే ముసలామె గడి ఎర్రగా ఉంది. పక్కన కారణం చదివాను. "నాయకుణ్ణి పేరుతో పిలవదు. ఎవరితో మాట్లాడుతోందో ఆడేవాళ్ళకు తెలియదు" అని ఉంది. అంటే నా తెలివే ఆమెను చంపింది. మా టీం లీడర్ దగ్గరికి పరుగెత్తాను. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, చెల్లె అని పిలుస్తాడు.

"అన్నా, పేరుతోని మల్ల చెప్పిస్త. ఉంచుతరా?"

అతను ఫోన్ మాట్లాడుతున్నాడు. "చూద్దాం తియ్ చెల్లె" అని చెయ్యి ఊపాడు.

ఆ "చూద్దాం" పట్టుకుని నేను జన్నారం మీదుగా ఊరికి పోయే బస్సెక్కాను. ఉట్నూరు దాకా అడవి మలుపుల్లో మైకు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, అవ్వతో ఏమనాలో నేర్చుకుంటూ పోయాను. మునిగేవాడికి గడ్డిపోచ అంటారే, అంతకన్నా సన్నటిదే నా చేతిలో ఉన్నది. అయినా దాన్ని నేను తాడనే అనుకున్నాను.

అవ్వ వినలేదు. బతిమాలాను. అది బాపు పేరు కాదు, ఆటలో పిల్లగాడి పేరన్నాను. దేవుడి పేరే కదా, భజనలో అనవా అన్నాను.

"దేవుని అన్నప్పుడు దేవుడే మతిల ఉంటడు. గిప్పుడు మీ బాపే మతికొస్తడు" అంది.

నాకు కోపం వచ్చింది. ఆరు రోజులే మిగిలాయి. గొంతు రోజురోజుకూ అరిగిపోతోంది. లచ్చల మందిలోకి పోవాల్సిన మనిషి ఒక్క పేరు దగ్గర ఆగిపోతే నేను చూస్తూ ఊరుకోవాలా? అప్పుడన్న మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

"వారమైతే నీ నోట్లెకెళ్ళి ఏ పేరూ రాదవ్వా. గప్పుడు అంటనన్నా అనలేవు."

అవ్వ నా మొహం చూసింది. దెబ్బ తిన్నట్టు కూడా లేదు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. లేచి, "మీ బాపును చేనుకు తోలు. గాయిన ఇంటుంటే నాతోని కాదు" అంది.

బాపును పంపించి అర్ర తలుపు వేశాను. పత్తి ఇంకా అట్లాగే ఉంది. అవ్వ కూర్చుంది. పుస్తె బయటికి తీసి కళ్ళకద్దుకుంది. తర్వాత ఆ పేరు అంది. బొంగురు గొంతు, చివర గాలిలా విరిగింది. ముప్పై ఏళ్ళకు పైబడిన కాపురంలో అది మొదటిసారి. పదకొండు చోట్ల ఆ పేరు ఉంది, పదకొండుసార్లూ అనిపించాను. అన్న ప్రతిసారీ పుస్తె కళ్ళకద్దుకుంది. నేను మాత్రం గొంతు అలలు సరిగ్గా పడుతున్నాయా లేదా అని లాప్‌టాప్ చూస్తున్నాను. ఆఖరిదానికి గొంతు పూర్తిగా పోయింది. "సాలు బిడ్డా" అని పెదవులతో అంది.

ఆ పదకొండు ముక్కలూ పట్టుకుని కరీంనగర్ వచ్చి టీం లీడర్‌కు వినిపించాను. అతను విన్నాడు. మంచివాడే, కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

"శాన బాగుంది చెల్లె. గని పేరు గురించి కాదు. ఆట సైజు పెరిగింది, చిన్న ఫోన్లల్ల ఎక్కుతలేదు. ఏడు పాత్రలు తీసేస్తున్నం. ఆమె లేకున్నా కథ నడుస్తది."

"మరి కారణం పేరని రాసిన్రు గదన్నా?"

"గడి ఖాళీగ ఉండొద్దు గదా. ఏదో ఒకటి రాయాలె."

నేను అరిచాను. మా అవ్వ గొంతు పోతోందని, ఉద్యోగం మానేస్తానని, ఏడింటిలో ఇంకొకరిని తీసేయమని, ఆ మిగతా ఆరింటికీ తల్లులు లేరా అని కూడా చూసుకోకుండా అరిచాను. ఎవరైనా తిడితే నయంగా ఉండేది. ఉద్యోగమూ మానలేదు. దవాఖాన ఖర్చు ముందుండగా మానడం అయ్యే పని కాదు.

ఆపరేషన్ ముందు రోజు ముసలామెను నేనే తీసేశాను. వేరేవాళ్ళకిస్తే ఫైళ్ళు పాడు చేస్తారని నాకొక పిచ్చి. మాటలు ఒక్కొక్కటిగా విడదీశాను. అన్నీ కాపీ చేసి నా ఫోన్లో పెట్టుకున్నాను. అట్లా చేయకూడదు, చేశాను. ఈరోజుదాకా ఆ ఫైళ్ళు తెరవలేదు. గుడిసెను మాత్రం తీయలేకపోయాం. అది తీస్తే అక్కడ నేల తెగి నాయకుడు ఆట బయట పడిపోతున్నాడు. అందుకని గుడిసె ఉంచి, తలుపు మూసేశాం.

ఆపరేషన్ అయింది. అవ్వ బతికింది. మెడ ముందు చిన్న రంధ్రం, దాని మీద తెల్లబట్ట. మాట లేదు. పెదవులు కదిపితే మనం పోల్చుకోవాలి. ఇంటికొచ్చిన నెలకు బాపు పత్తి బండి మీది నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. లోపల రాడ్డు వేశారు. బండి తాళ్ళు పాతవి, తెగాయి, అంతే. నేను అట్లాగే అనుకుంటాను. అవ్వ ఏమనుకుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. శనివారాలు ఒక్కపొద్దు మాత్రం పట్టింది.

ఆట విడుదలైంది. నేను ఇంటికి పోగానే అవ్వ ఫోన్ వైపు చూపించి, తన గొంతు వైపు చూపించి, ఎక్కడ అన్నట్టు చెయ్యి తిప్పింది. లేదని అప్పుడే చెప్పాల్సింది.

"శివర్ల ఉంటవవ్వా. శాన దినాలు ఆడితెగని రావు" అన్నాను.

ఎట్లాగూ ఆమెకు ఆడరాదు కదా అనుకున్నాను. నాకంటే మొద్దు ఇంకెవరూ ఉండరు. మళ్ళీ రెండు వారాలకు పోయేసరికి, పక్కింటి పిల్లలతో బాపు ఫోన్లో ఆట ఎక్కించుకుని అవ్వ ఆడుతోంది. పత్తి ఏరిన వేళ్ళు, తెర మీద ఎక్కడ నొక్కాలో పట్టుకున్నాయి. వాగు దాటుతోంది, పులి వస్తే చెట్టెక్కుతోంది. చచ్చిపోతే నుదురు కొట్టుకుని మళ్ళీ మొదలుపెడుతోంది. బాపు మంచం మీద కాలు చాపుకుని, "ముసల్దానికి ఆట పిచ్చి వట్టింది. నాకు చాయ్ గూడ దిక్కు లేదు" అని ఎగతాళి చేస్తున్నాడు. ఆట పిచ్చి కాదని నాకొక్కదానికే తెలుసు. ఆమె రోజంతా తన గొంతును వెతుక్కుంటోంది.

ఆ మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని అడవి అంచుకు చేరింది. గుడిసె కనబడగానే నా భుజం పట్టి లాగింది. మొహం వెలిగిపోయింది. నాయకుణ్ణి తలుపు ముందు నిలబెట్టింది. తలుపు నొక్కింది, తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కింది. ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుంది. చుట్టూ తిరిగి వెనక నుంచి వచ్చింది, మళ్ళీ తలుపు ముందు నిలబడి నొక్కింది. నన్ను చూసింది.

"తీసేసిన్రవ్వా" అన్నాను. "నిన్ను తీసేసిన్రు. నేనే తీసేసిన. పేరు చెప్పిచ్చినంక తెలిసింది, గప్పటికే తీసేసిన్రని."

ఇంకా చాలా చెప్పాను. సైజు అన్నాను, చిన్న ఫోన్లన్నాను, ఏడు పాత్రలన్నాను. అవన్నీ ఆమెకు ఎందుకు? అవ్వ ఫోన్ కింద పెట్టింది. బాపు మంచం వైపు, ఆ రాడ్డు వేసిన కాలు వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, నేను పోల్చుకోవాలని, నెమ్మదిగా, ఒక్కో మాట విడివిడిగా పెదవులు కదిపింది.

"మరి ఆయన పేరు ఎందుకనిపిచ్చినవ్?"

"ఏమంటున్నదే మీ అవ్వ?" అని బాపు అడిగాడు.

నేను కింద పెట్టిన ఫోన్ తీసి ఆట మూసేశాను.