అక్క కూత తెగిన చలికాలం

మా చిన్నప్పుడు ఒక చలికాలం మా లెక్కల సారు మంకీ క్యాప్ పెట్టుకుని బడికొచ్చాడు... గొంతు ఆయనదే, ముఖం మాత్రం కనబడలేదు. ఎండలకు అలవాటైన ఊరు మాది, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర. స్వెట్టర్ ఉన్న ఇల్లు వెతికితే దొరికేది కాదు. పెద్దవాళ్లు చెవులకు తువ్వాలలు చుట్టుకుని, వాకిట్లో పత్తి కట్టె మంట వేసుకుని ఆ చలిని తిట్టిపోసేవాళ్లు.

మాకు మాత్రం పండగలాగే ఉండేది... నాకు జ్వరం వచ్చేదాకా.

ముందు ముక్కు కారింది, తర్వాత ఒళ్లంతా ఒకటే నొప్పులు... ఊరి డాక్టరు సూది వేసి, "అంటుకునే జరమిది. పిలగాన్ని వేరే పండబెట్టుండ్రి" అని చెప్పి వెళ్లాడు. అవ్వ... అమ్మను మేం అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం... నా మంచం ముందటి గదిలో వేసి, అక్కను గడప దాటి లోపలికి రావద్దంది.

ఎందుకంటే అక్కకు ఆ వారమే జనగామలో కబడ్డీ సెలెక్షన్లు. నేను నాలుగో తరగతి, అక్క పదో తరగతి. బడిలో అదే ఆఖరి ఏడు. జిల్లా జట్టులో ఆడాలని అక్క ప్రాణమంతా అటే ఉండేది. నేను మంచం పట్టాక కూడా పొద్దున్నే వాకిట్లో కూత పెట్టేది... బాపు మంట దగ్గర కూర్చుని మురిసిపోతూ వినేవాడు.

మా దిక్కు జ్వరం వస్తే తప్ప ఇంట్లోకి బ్రెడ్డు రాదు... బాపు ఘన్‌పూర్ పోయి నా కోసం తెచ్చాడు. అప్పటిదాకా ఏది దొరికినా అక్కా నేనూ చెరి సగం తిన్నవాళ్లం. ఒక్కణ్నే కూర్చుని తినడం నాకు చేతకాలేదు.

ఆ మధ్యాహ్నం అవ్వా బాపూ చేనికి పోయారు. అక్క గడప అవతలే నిలబడి, "ఎట్లున్నది తమ్మీ?" అంది.

"నువ్వు గీడికి రా... నువ్వు తింటెనే నేను తింట."

"నాకద్దురా. ఎల్లుండి జనగామ పోవాలె. నాకు గిట్ల జరమొస్తె ఎట్ల?"

నేను ఏడుపు అందుకున్నాను. బొంత తన్నేశాను. మామూలు ఏడుపు కాదు... ఊపిరి తిరగనంత ఏడుపు. అక్క కాసేపు చూసి, ఇక ఉండలేక లోపలికొచ్చింది. నేను కొరికిన ముక్కనే నా పాల గ్లాసులో ముంచి నోటికి అందించాను... తిన్నది. నేను వణుకుతుంటే "జర జరుగు" అని నా బొంతలోనే పడుకుంది. ఆ పూట నాకెంత హాయిగా నిద్ర పట్టిందో!

సెలెక్షన్ల రోజు పొద్దున ఆటల సారు మిగతా అమ్మాయిల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. అక్క ఒళ్లు కాలిపోతోంది. అయినా లేచి, జడలేసుకుని వాకిట్లోకి వచ్చింది.

"నేనొస్త సార్... నాకేం గాలే."

సారు నుదురు ముట్టి చూశాడు. "ఏదీ, ఒక్కసారి కూత పెట్టు బిడ్డా, చూద్దం."

అక్క కబడ్డీ కబడ్డీ అంటూ కదిలింది... దగ్గు తెర వచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది... మళ్లీ దగ్గు. ఇంకోసారి నోరు తెరవబోతుంటే సారే చేయి పట్టుకుని ఆపాడు. "పోయి పండుకో బిడ్డా" అన్నాడు.

వాళ్లంతా బస్సుకు వెళ్లిపోయారు. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు అప్పటికి జ్వరం దిగిపోయింది. ఆకలవుతోందని అవ్వను అన్నం అడిగాను... అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంట్లో ఎవరూ నన్నొక్క మాట అనలేదు. పదో తరగతితో అక్క చదువూ ఆటా రెండూ అయిపోయాయి. ఇప్పుడు గూడూరు దగ్గర ఒక ఊళ్లో ఉంటుంది, మిర్చి వేస్తారు.

మొన్నటి చలికి మా అబ్బాయికీ ఇట్లాంటి జ్వరమే వచ్చింది. వేరే గది, వేరే గ్లాసు, మాకు మాస్కులు... వాడి చెల్లెలు పక్క గదిలోంచి వీడియో కాల్ చేసి అన్నతో మాట్లాడింది. అదే మంచి పద్ధతి, కాదనను. కానీ వాళ్లను చూశాక నా మనసు ఊరుకోలేదు. అక్కకు ఫోన్ చేసి, ఇన్నేళ్లలో మొదటిసారి అడిగాను.

"అక్కా... అప్పుడు నా జరమే గద నీకు అంటింది?"

అక్క నవ్వింది. "ఏ, కాదు తమ్మీ... నీకంటె ముందే నాకు గొంతుల గరగర ఉండె. ఎవ్వలకు చెప్పలే. నా నుంచే నీకు అంటింది గావొచ్చు."

అబద్ధం. మంచంలో పడుకుని రోజూ ఆ కూత విన్నవాణ్ని నేను... గరగరా లేదు, పాడూ లేదు. ఇంత వయసొచ్చాక కూడా నా తప్పు తన మీదే వేసుకుంది. "అట్లనా అక్కా..." అని ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు పిల్లల జ్వరాలు తలుపు దాటి బయటికి రావడం లేదు... మంచిదే. మీ చిన్నప్పటి జ్వరం మీ ఇంట్లో ఎవరికి అంటుకుందో... ఎప్పుడైనా అడిగారా?