తెలియని ఆదేశం

మా పెద్దొదిన మాట్లాడితే ఏదో యంత్రంతో పాటు పెట్టెలో వచ్చిన కాగితం చదివినట్టు ఉంటుంది. తప్పు ఆమెది కాదు, ఆమె పని అలాంటిది. నీళ్ళ మోటారు కొన్నా, మిక్సీ కొన్నా పెట్టెలో ఒక చిన్న పుస్తకం వస్తుంది కదా, మనం చదవకుండా అటక మీద పడేస్తామే, దాన్ని మన భాషలోకి తిప్పి రాసేది ఆమె. “శుభ్రపరిచే ముందు ప్లగ్ తీసివేయండి”, “తడి చేతులతో తాకరాదు” అని ఏళ్ళ తరబడి రాసి రాసి ఆమె నోరు కూడా అదే దారి పట్టింది. నాకు జ్వరం వస్తే “ఎలా ఉంది?” అని అడగదు. “ఫ్యాను కింద పడుకోరాదు” అంటుంది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ నన్ను ఆకాశానికెత్తేస్తుంటే, ఈవిడ వచ్చి “మధ్యాహ్నం డబ్బా మూత గట్టిగా పెట్టుకోవాలి, లేకపోతే సంచి పాడవుతుంది” అని చెప్పి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మూత మాత్రం గట్టిగానే పెట్టుకున్నాను.

నా ఉద్యోగం కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో. అన్నయ్యలిద్దరూ కలిసి ఉండే ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. ఆ ఇంట్లో ఏ తీగ ఊడినా నాకే ఫోను వస్తుంది. ఆడపడుచునన్న మర్యాద ఏమీ లేదు.

ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే. ముందుగదికీ వంటగదికీ మధ్య నడవలో, కిటికీ కింద ఉంటుంది. పొద్దున్నుంచి భోజనాల దాకా అది పెద్దొదినది, ఆ తర్వాత చిన్నొదినది. చిన్నొదిన దుకాణాల వాళ్ళకు వెబ్ పేజీలు తయారుచేస్తుంది. ఇద్దరూ రాసుకోవడానికి నేనే ఎడిటర్ అనే ప్రోగ్రాం ఒకటి పెట్టిచ్చాను. అది తెరిచినప్పుడల్లా ముందుగా ఒక సెట్టింగుల ఫైలును పైనుంచి కింది దాకా చదువుకుంటుంది. అక్షరం ఎంత ఉండాలి, రంగు ఏది, ఏ మీట నొక్కితే ఏం జరగాలి, అన్నీ అందులోనే ఉంటాయి. ఒకే విషయం రెండుచోట్ల ఉంటే కింద ఉన్నదే చెల్లుతుంది. లైను మొదట్లో హ్యాష్ గుర్తు (#) పెడితే మాత్రం దాన్ని యంత్రం పట్టించుకోదు. అది మనుషులు మనుషుల కోసం రాసుకున్న మాట అని వదిలేస్తుంది.

ఇద్దరికీ చెడింది ఆ కంప్యూటర్ దగ్గరే. చిన్నొదిన దాన్ని తన గదిలోకి మార్చుకుంటానంది. “యంత్రాన్ని తరచుగా కదపరాదు” అంది పెద్దొదిన. “ఇది మీ ఒక్కరి ఇల్లు కాదక్కా” అంది చిన్నొదిన. ఇక చూడండి, ఇద్దరికీ మాటల్లేవు. మొండితనంలో ఎవరూ ఎవరికీ తీసిపోరు. పక్కపక్కనే నిలబడి వంట చేస్తూ, ఉప్పు డబ్బా ఎక్కడుందో అడగడానికి ముందుగదిలో ఉన్న మొగుణ్ణి పిలిచేవారు. అన్నయ్యలిద్దరూ అడకత్తెరలో పోకచెక్కలయ్యారు.

ఎడిటర్‌లోనూ అదే వరస. పెద్దొదినకు అక్షరం పెద్దగా ఉండాలి, చిన్నొదినకు చిన్నగా ఉండాలి. ఒకరి లైను ఒకరు చెరిపేస్తే పోట్లాట నోటిదాకా వస్తుంది కాబట్టి చెరిపేవారు కాదు. కింద ఇంకో లైను చేర్చి పోయేవారు. మధ్యాహ్నం ఈవిడ, పొద్దున ఆవిడ. ఫైలు చాంతాడంత అయింది. ఒకసారి ఏదో పనిమీద దాన్ని తెరిచి చూస్తే, ఆ లైన్ల మధ్య హ్యాష్ గుర్తులు పెట్టి ఇద్దరూ రాసుకున్న మాటలు కనిపించాయి.

“# అక్షరం సైజు మార్చరాదు.”

“# కళ్ళజోడు మార్చుకోవచ్చు.”

“# కీబోర్డు పక్కన నీళ్ళ సీసా పెట్టరాదు.”

“# ఆ సీసా మీకోసమే పెట్టాను. పొద్దున్నుంచి చుక్క నీళ్ళు తాగరు.”

“# సాయంత్రం కిటికీ తెరిచి కూర్చోరాదు. దగ్గు వస్తోంది.”

“# మీ మిక్సీ పుస్తకం చదివాను. బాగుంది.”

నేను కడుపుబ్బ నవ్వుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఎక్కడో ఒకచోట మాట్లాడుకుంటున్నారు కదా, చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను.

అంతలో చిన్నన్నయ్యకు ఊరికి ఆ చివర ఉద్యోగం వచ్చింది. అక్కడే ఇల్లు చూశాడు. ఆదివారం వెళ్ళిపోవాలి. ఆ ఇంట్లో చిన్నొదినకు వేరే కంప్యూటర్ కూడా పెడతానన్నాడు. పెద్దొదిన విని ఊ అనలేదు, ఆ అనలేదు. సామాను సర్దుతుంటే మాత్రం వచ్చి, అట్టపెట్టెలకు తనే టేపు వేసింది. “గాజు వస్తువుల మీద బరువు ఉంచరాదు” అని గోడకు చెప్పి పోయింది.

ఆ సాయంత్రం చిన్నొదిన మా దుకాణానికి వచ్చి కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “వెళ్ళొద్దు అనక్కర్లేదు అమ్ములూ. ఎప్పుడెళ్తున్నావు అనైనా అడగొచ్చుగా. పీడా పోయింది అనుకుంటోంది ఆవిడ. నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో నాకు తల దువ్వింది ఈవిడేనా అనిపిస్తోంది.”

నా భయం కూడా అదే. మాటా మాటా అనుకుని విడిపోయినవాళ్ళు ఏదో ఒకరోజు కలుస్తారు. ఏ మాటా లేకుండా విడిపోతే కలవడానికి దారే ఉండదు. ఇద్దరూ మంచివాళ్ళే కావడంతో నాకు ఇంకా కోపంగా ఉండేది. వెళ్ళడానికి ఇక రెండు రోజులే ఉన్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. “వెంటనే రా అమ్ములూ, ఎడిటర్ తెరుచుకోవట్లేదు. సాయంత్రంలోగా పేజీలు పంపాలి.” అని, చిన్నొదిన గొంతు తగ్గించింది. “ఆవిడే ఏదో చేసింది. పోయేముందు కూడా నా పని చెడగొట్టాలా?”

వెళ్ళి చూశాను. ఎడిటర్ తెరవగానే తెర మీద చిన్న కిటికీ ఒకటి వస్తోంది. అందులో ఒక లైను నంబరు, పక్కన ఇంగ్లీషులో “తెలియని ఆదేశం” అనీ, ఆ తర్వాత వరసగా ఖాళీ డబ్బాలూ ఉన్నాయి. మన అక్షరాలు చూపించడం రాని చోట అలా డబ్బాలు పడతాయి. అది చూపించి ఎడిటర్ మూసుకుపోతోంది. ముందు సెట్టింగులు చదవొద్దని చెప్పి తెరిచాను. చక్కగా తెరుచుకుంది. అంటే ప్రోగ్రాంలో లోపం లేదు, ఉన్నదంతా సెట్టింగుల్లోనే. అలాగే వదిలేద్దామంటే చిన్నొదిన పనికి కావలసిన మీటలన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయి.

“పొద్దున కొందరు రాసుకున్నప్పుడు బాగానే ఉందిగా” అంది చిన్నొదిన, గోడవైపు తిరిగి.

పెద్దొదిన వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తెర మీది డబ్బాలు చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. “ఆ ఫైలు తెరవరాదు” అంది.

“తెరవకపోతే ఎలా బాగవుతుంది వదినా?”

“నేనే సరిచేస్తాను. మీరిద్దరూ కాసేపు ముందుగదిలో కూర్చోండి.”

“చూశావా అమ్ములూ!” అంది చిన్నొదిన. “నేను చెప్పలా?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. “మీ గోల మీరు తర్వాత తేల్చుకోండి. దుకాణంలో ఒక కంప్యూటర్ని విప్పి బల్ల మీద పెట్టి వచ్చాను నేను” అని, ఫైలును వేరే చోట తెరిచి అది చెప్పిన లైనుకు పోయాను. అన్నిటికంటే కింది లైను అది. దుకాణంలో తప్పులన్నీ పైకి చదవడం నాకు అలవాటు. ఇదీ అలాగే గట్టిగా చదివేశాను.

“వెళ్ళొద్దు. నువ్వు లేకపోతే నాకు తోచదు.”

చదివాకగానీ నాకు వెలగలేదు. లైను మొదట్లో హ్యాష్ గుర్తు లేదు. లేకపోయేసరికి అది తనకిచ్చిన ఆదేశమే అనుకుంది యంత్రం. ఏం చేయాలో దానికి తెలియలేదు.

నా నోరు పడిపోతే బాగుండుననిపించింది. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వస్తోంది. పాలు పొంగుతుంటే పెద్దొదిన పరుగెత్తకుండా నిలబడడం నేను అప్పుడే చూశాను.

“అక్కా” అంది చిన్నొదిన. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో. “ఇది నాకు రాశారా?”

“గుర్తు పెట్టడం మర్చిపోయాను” అంది పెద్దొదిన. “కళ్ళు సరిగ్గా కనపళ్ళేదు.”

“కళ్ళజోడు పెట్టుకోలేదా?”

“పెట్టుకున్నాను.”

నేను వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చాను. అప్పటికి చిన్నొదిన ఏడుస్తోంది, అరుస్తోంది, రెండూ కలిపి చేస్తోంది. “ఇన్నాళ్ళూ నోటితో ఒక్క మాట అనకూడదా? ఒక్క మాట!”

“రోజూ అంటూనే ఉన్నా కదే” అంది పెద్దొదిన. “కిటికీ తెరవొద్దన్నాను. చన్నీళ్ళు తాగొద్దన్నాను. వానలో వెళ్ళొద్దన్నాను. అవన్నీ ఏమనుకున్నావు నువ్వు?”

“తిడుతున్నారనుకున్నాను.”

“తిట్టడం నాకెక్కడ వచ్చే, పిచ్చిదానా?”

చిన్నొదిన లేచి వెళ్ళి ఆమె భుజం మీద తల పెట్టేసింది. పెద్దొదిన తన చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గాలిలో ఉంచింది. ఆ తర్వాత తెలిసింది. “ఉండలేమక్కా, అక్కడ అన్నీ మాట్లాడేసుకున్నాం” అని చిన్నొదిన అంటుంటే, “నాకు తెలీదా? నీ మొగుడికి రోజూ అంత దూరం వెళ్ళి రావడం కష్టం. వెళ్ళాలి. వెళ్ళొద్దు అనాలని ఉండి అన్నాను, అంతే” అంది. నేను ఆ లైను మొదట గుర్తు పెట్టేశాను. ఎడిటర్ తెరుచుకుంది. చిన్నొదిన ముక్కు తుడుచుకుంటూ పేజీలు పూర్తిచేసింది. పెద్దొదిన స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

ఆదివారం సామాను వ్యానులోకి ఎక్కింది. అన్నయ్యలు చివరి తాడు బిగించి, చెమట తుడుచుకుని, ఇక అయిపోయిందన్నారు. చిన్నొదిన ముందు సీట్లో కూర్చుంది. పెద్దొదిన వ్యాను తలుపు పట్టుకుని నిలబడింది. కొత్తింట్లో నీళ్ళు ఎన్నింటికి వస్తాయి, పక్క వాటాలో ఎవరుంటారు, సాయంత్రం ఒక్కదానివే ఉంటావా, భయం వేయదా? ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది. చిన్నొదిన ఒకదానికి జవాబు చెప్పేలోగా ఇంకోటి. డ్రైవరు ఇంజను వేశాడు, ఆపాడు, మళ్ళీ వేశాడు.

“అమ్మా, ఆ తలుపు వదిలితే బయల్దేరతాం” అన్నాడు.

“కాస్త ఆగు నాయనా” అంది పెద్దొదిన, అతనివైపు చూడకుండానే. “మేమింకా మాట్లాడుకుంటున్నాం.”