మా ఇంటాయన గిటార్ టేపు

మా ఇంటాయన మాచర్ల కాడ నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాడు, పెళ్ళిళ్ళలో గిటార్ వాయించేవాడు. దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది, ఎక్కువ కాలం బతకడన్నాడు డాక్టరు. తన వాయింపు పిల్లలకు మిగలాలని నన్ను వెంటబెట్టుకోని నరసరావుపేటలో టేప్‌రికార్డర్ల కొట్టుకు పోయాడు.

కొట్టాయన పెద్ద మిషను చూపించాడు. "ఇన్ని మీటలేందన్నా? నొక్కేది మా ఇంటిది. దానికి అక్షరమ్ముక్క రాదు, తేలికది ఇయ్యి" అన్నాడు మా ఇంటాయన. నాకు సిగ్గేసింది.

ఇంటికొచ్చినాక గిటార్ ఒళ్ళో పెట్టుకోని, దగ్గు తగ్గిందాకా ఆగి, "ఏమే, ఎర్రదీ పక్కదీ రెండూ కలిపి నొక్కు" అనేవాడు. తప్పు నొక్కితే, "నీకు నేర్పేదానికన్నా రాయి కొట్టటం నయమే" అని నవ్వేవాడు. వినేటప్పుడు మాత్రం తనే నొక్కుకునేవాడు. టేపు ఒక పక్క నిండింది. మళ్ళీ మొదట్నుంచి వినేదానికని ఆ పక్కనే వెనక్కి తిప్పి పెట్టాడు. ఆ వారమే పోయాడు.

పెద్దకర్మ అయినాక వినాలనిపించింది. నేర్పినట్టే రెండూ కలిపి నొక్కాను. టేపు తిరుగుతా ఉంది, గిటార్ వినపడలా. నామీద అలిగాడనుకోని, దాని ముందే కూచోని ఆ పక్క అయిపోయిందాకా ఏడ్చాను.

సాయంత్రం మా మరిది వచ్చి చూశాడు. "ఎర్రది నొక్కావా వదినా? అది రికార్డు చేసేది, పాతదంతా చెరిగిపోద్ది గదా" అన్నాడు.

ఆయన బతికినన్నాళ్ళు ఆయన ముందు నేను ఏడవలేదు. ఇప్పుడు ఆ టేపులో ఉన్నదంతా నా ఏడుపే.