కొలనుకు ఆగ్నేయం

మా ఆవిడ మోకాలి ఆపరేషన్ అయ్యాక రెండు నెలలపాటు నా డైరీలో ప్రతి పేజీ ఒకే సంగతితో మొదలవుతుంది: ఈ రోజు కాలు ఎంతవరకు వంగింది. కార్తీకం వెళ్ళేసరికి ఆ అంకె కదలడం మానేసింది. "ఇంకో నెలలో వంగకపోతే మళ్ళీ మత్తు ఇచ్చి మేమే వంచాల్సి వస్తుంది" అన్నారు డాక్టరు. ఆ మాట విన్నప్పటినుంచి ఆస్పత్రి ఊసెత్తితే చాలు, ఆవిడ లేచి గదిలోకి వెళ్ళిపోయేది. గోరువెచ్చటి నీళ్ళలో రోజూ అరగంట నడిస్తే ఆ అవసరం రాకపోవచ్చని వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పింది.

నీళ్ళకు లోటు లేదు. సినిమా షూటింగులకు లైట్లు, జనరేటర్లు అద్దెకిచ్చే రోజుల్లో ఫిలింనగర్ దగ్గర ఈ ఇల్లు కట్టాను. ఈశాన్యంలో నీరుండాలని ఆవిడ పట్టుబట్టడంతో అక్కడ చిన్న స్విమ్మింగ్ పూల్ వచ్చింది. కానీ డిసెంబరులో ఈ గుట్ట మీద ఆ నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఆవిడ ఒక్కరోజు దిగింది. పిక్కలు పట్టేసి, వణుకుతూ పైకొచ్చి, మళ్ళీ దిగనంది.

అందుకని గ్యాస్ హీటర్ కొన్నాను. కరెంటుదైతే నీళ్ళు కాగడానికి రోజులు పడుతుందన్నారు. గ్యాస్‌దైతే తెల్లవారుజామున వెలిగిస్తే ఎండెక్కే వేళకు దిగవచ్చు. నాలుగు చోట్ల విచారించి, గొట్టాల కొలతలతో సహా డైరీలో బొమ్మ గీసుకున్నాను. నిప్పు కాబట్టి ఇంటికి ఆగ్నేయాన, వంటగది వెనక గోడవారగా గుర్తు పెట్టాను. అక్కడైతేనే ఆవిడ ఒప్పుకుంది.

బిగించడానికి ఎర్రగడ్డ నుంచి నడివయసు మేస్త్రీ వచ్చాడు. నా బొమ్మ చూశాడు, గోడ చూశాడు, తల పైకెత్తి చూశాడు.

"సార్, గా కిటికీ ఎవరిది?"

"మా పడకగదిది."

"గీడ పెడితే పొగంత సీదా మీ రూంలకే వస్తది. మంచి పొగ గాదది. నేనైతే పెట్ట."

సిగ్గేసింది. జనరేటరు పొగ సెట్టు వైపు రాకుండా ఎటు నిలపాలో నలభై ఏళ్ళు పదిమందికి చెప్పినవాణ్ణి. ఆగ్నేయం అనేసరికి నేల మీద దిక్కు చూశాను గానీ, తలెత్తి కిటికీ చూడలేదు.

కర్ర ఊతంతో ఆవిడ బయటికొచ్చింది. "ఆగ్నేయం తప్పితే నేను దిగను. ఇప్పటికి పడ్డది చాలు."

డాక్టరు చెప్పిన నెలలో అప్పటికే తొమ్మిది రోజులు అయిపోయాయి.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "అమ్మా, జర ఒక మాట. మీరు దిగేది ఇంట్లనా, పూల్లనా?"

"పూల్లోనే."

"మరి పూల్‌కు ఆగ్నేయం చూడాలె గదా? ఇంటికి ఎందుకు చూస్తున్రు?"

ఆవిడ నావైపు తిరిగింది. "విన్నారా? రాసుకోండి మీ డైరీలో. ఇన్నేళ్ళు దిక్సూచి జేబులో పెట్టుకు తిరిగారు, ఈ మాట మీకు తోచలేదు."

షూటింగుల్లో ఎండ ఎటు తిరుగుతుందో చూడటానికి వాడిన ఆ దిక్సూచి తెచ్చాను. కొలనుకు ఆగ్నేయ మూల తూర్పు ప్రహరీ దగ్గర పడింది. పైన ఆకాశమే, దగ్గరలో కిటికీ లేదు. అయితే అక్కడ ఆవిడ పూజకు పూలు కోసుకునే నందివర్ధనం ఉంది. దాని మాట నేనెత్తకముందే, "తవ్వి ఆ పక్కన పాతండి, బతుకుతుంది" అంది.

దిమ్మె కట్టడానికి, అది ఆరడానికి, గొట్టాలు వేయడానికి ఐదు రోజులు పట్టింది. ఆరో రోజు పొద్దున మేస్త్రీ వెలిగించాడు. భగ్గున అంటుకుని, నిమిషంలో ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ ఆరింది. ఆవిడ కుర్చీలో కూర్చుని మోకాలు నిమురుకుంటోంది.

"ఫికర్ చేయకున్రి" అంటూ మేస్త్రీ ఫిల్టరు విప్పాడు. దాన్నిండా నందివర్ధనం ఆకులు, మట్టి. మొక్క తవ్వినప్పుడు నీళ్ళలో రాలినవే. "నీళ్ళు సక్కగ పారకపోతే అదే బంద్ అయితది సార్. గట్లనే కావాలె." కడిగి బిగించి మళ్ళీ వెలిగించాడు. ఈసారి మంట నిలబడింది. పావుగంటసేపు నేను దాని దగ్గర్నుంచి కదలలేదు.

పదకొండింటికి ఆవిడ బొటనవేలు ముంచి చూసింది. తర్వాత పాదం. తర్వాత నడుందాకా దిగిపోయింది. నేను గట్టు మీద ఆవిడ పక్కనే నడుస్తూ చుట్లు లెక్కపెట్టాను. ఎనిమిది.

అప్పటినుంచి రోజూ దిగింది. పన్నెండో రోజున నడక అయ్యాక, అలవాటుగా మెట్ల దగ్గర చెయ్యి చాచి నిలబడ్డాను. రోజూ మంచికాలు పైమెట్టు మీద వేసి, రెండోదాన్ని దాని పక్కకు లాక్కునేది. ఆ రోజు ఆపరేషనైన కాలే ముందు లేచింది. మోకాలు వంగింది. ఒక్కో మెట్టుకు ఒక్కో అడుగు వేస్తూ పైకొచ్చేసింది.

"అలా చేతులు చాపుకుని నిలబడతారేం? తువ్వాలు తెండి" అంది.

మర్నాడు డాక్టరు కాలు వంచి చూసి, ఇక మత్తు అక్కర్లేదన్నారు. ఇంటికొచ్చే దారి పొడుగునా ఆవిడ మాట్లాడుతూనే ఉంది.

ఆ చలికాలమంతా నీటి వేడి ఏ రోజుకారోజు డైరీలో రాసుకున్నాను. పన్నెండో రోజుది మాత్రం లేదు. చూడటం మరిచిపోయాను.