పైపులో నిలిచిన నీరు

బాయిలర్ మనిషి అప్పడు ఏ పైపు దగ్గరికి వెళ్లినా ముందు చేతిలోని ఇనుప ఊచను దానికి ఆనించి, రెండో కొన చెవి వెనక ఎముకకు నొక్కిపట్టేవాడు. కళ్లు మూసుకునేవాడు. ఆవిరి నడుస్తుంటే సన్నటి ఈల. నీరు చేరితే గులకరాళ్లు దొర్లిన చప్పుడు.

మలయాలో తెలుక్ ఆన్సన్ దగ్గరి పామాయిల్ మిల్లులో బాయిలర్ పదహారేళ్లుగా అతని చేతిలో ఉంది. పుట్టింది ఆ తోటలోనే. తండ్రి ఓడ ఎక్కిన భీమిలి అతనికి వట్టి పేరు.

అడవిలోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ మూడో ఏట, కూలీలు ఉండే లైన్ల ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. అనుమతి చీటీ ఉన్నవాళ్లే మిల్లుకు వెళ్లాలి. ఆ నెల తిరక్కముందే పైపు మోగడం మొదలైంది. పొద్దున్నే ఆవిరి వదలగానే ఢాం, ఢాం. తుపాకులనుకుని కాపలావాళ్లు నేలకు కరుచుకున్నారు. ఒకడు అడవిలోకి కాల్చాడు కూడా.

మూడో రోజు తోట దొర వచ్చాడు. పైపులో ఎవరో ఏదో పెట్టారన్నాడు. రేపు మళ్లీ మోగితే పోలీసు జీపు నీకోసం వస్తుందన్నాడు. జీపెక్కినవాళ్లకు విచారణ ఉండదు. కొన్నాళ్లు జైలు, ఆపైన ఇండియా ఓడ.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాడు.

"ఏటి, ముద్ద దిగట్లేదా?" అంది భార్య పోలమ్మ.

"పైపులో నీరు నిలిచిపోతంది, ఆవిరి దాన్ని గుద్దుకుని మోగతంది. వాలు సూసినాను, వాల్వు సూసినాను. ఏటీ అంతు సిక్కలేదు."

"నీకు నీళ్లు ఎక్కువ, మాకు తక్కువ! పక్కింటి రాసమ్మకి పురుడొచ్చి వారమయింది. మునుపైతే నీ పైపు కొసన ఉడుకునీళ్లు పట్టుకొచ్చీవోళ్లం. ఇప్పుడు కంచె దాటనిత్తారేటి?"

అప్పడి చేయి కంచంలోనే ఆగిపోయింది.

పైపు చివర, మిల్లు వెనక, ఆవిరి చల్లారి చేరిన నీరు తీసే కుళాయి ఉంది. రోజూ తిప్పవలసింది అతనే. పురుటి స్నానాలకనీ, ముసలమ్మల కీళ్లకనీ ఆడవాళ్లే బిందెలతో వచ్చి తిప్పుకుపోయేవారు. తన పని అది అని అతను ఏనాడో మరిచిపోయాడు.

ఇప్పుడా కుళాయి కంచె పక్కన ఉంది; తిప్పేవాళ్లు లేరు. అక్కడ ఎవరు కనబడినా కాల్చమని ఆజ్ఞ. అయినా కంచం వదిలి లేచి అక్కడికి నడిచాడు.

"అంగేయే నిల్లు!" అక్కడే ఆగమని అరవంలో అరుస్తూ, కాపలా ఉన్న వేలు అనేవాడు తుపాకీ ఎత్తాడు. అప్పడు కదలకుండా నిలబడ్డాడు.

"నేనే, అప్పణ్ణి."

"అప్పడమో వడియమో, చేతులెత్తు!"

"రెండూ ఎత్తితే కుళాయి ఎవడు తిప్పుతాడు, వేలూ?"

తుపాకీ కొన వణుకుతోంది. వేలు తనకన్నా ఎక్కువ భయపడుతున్నాడని అప్పడికి తెలిసింది. భయపడేవాడి చేతివేలే ముందు ట్రిగ్గర్ మీద బిగుస్తుంది. ఒక చేయి పైకెత్తి, వంగి, రెండో చేత్తో తిప్పాడు. తుప్పునీళ్లు పడ్డాయి. ఎంతసేపటికీ ఆగలేదు. చివరికి తెల్లటి ఆవిరి వచ్చింది.

మర్నాడు అందరికన్నా ముందు వెళ్లి, రాత్రి చేరిన నీరంతా వదిలేశాడు. తర్వాత వాల్వు చక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. పైపు మెల్లగా వేడెక్కింది. బయట జీపు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

చప్పుడు రాలేదు.

"లోపల ఏముంది?" అన్నాడు దొర.

"నీళ్లు దొరా. తియ్యవలసింది నేనే. తియ్యలేదు."

ఆడవాళ్ల మాట ఎత్తలేదు. జీపు ఖాళీగా తిరిగిపోయేదాకా చక్రం మీంచి చేయి తియ్యలేదు.